డాక్టరు గోల్డుబర్గరు: పేదల రోగము

ఇరువదవ శతాబ్ది ప్రారంభమున అమెరికా దక్షిణ రాష్ట్రములందు పెల్లాగ్రా యను వ్యాధి వేలకొలది జనులను పీడించుచుండెను. ఎండ సోకిన చోట చర్మము నల్లబడి పగులును, విరేచనములు పట్టుకొనును, తుదకు మతి చలించి రోగి మరణించును. ఇది అంటువ్యాధి యని పెక్కురు వైద్యుల నమ్మకము. ఆ నమ్మకమును కూలద్రోసినవాడు డాక్టరు జోసెఫ్ గోల్డుబర్గరు.

ఈయన 1874 లో ఆస్ట్రియా హంగరీ సామ్రాజ్యమున నొక యూదు కుటుంబమునందు జన్మించెను. తలిదండ్రులు న్యూయార్కునకు వలసవచ్చి చిల్లరకొట్టు పెట్టుకొనిరి. 1895 లో వైద్యపట్టమును పొంది, 1899 లో ప్రభుత్వ ఆరోగ్యశాఖలో ప్రవేశించెను. పీతజ్వరము, డెంగ్యూ, టైఫసు రోగములను పరిశోధించుచు మూడింటికిని తానే గురియయ్యెను.

1914 లో పెల్లాగ్రా సంగతి తేల్చుటకై ప్రభుత్వ మాయనను దక్షిణమునకు పంపెను. పిచ్చాసుపత్రులలోను అనాథశరణాలయములలోను ఆశ్రితులకు రోగము కలదు. వారితో కలసి మెలగు ఉద్యోగులకు లేదు. అంటువ్యాధికి ఈ పక్షపాతమేల? ఆశ్రితుల తిండి మొక్కజొన్న పిండియు, పంది క్రొవ్వును, బెల్లపు పాకమును. మిసిసిపీ రాష్ట్రమున జాక్సను పట్టణపు అనాథ బాలురకు పాలు, గ్రుడ్లు, మాంసము, చిక్కుళ్లు పెట్టించగా రోగము మాయమయ్యెను. జొన్నకూటిపై బ్రతుకు మన దక్కను పేదలలోను ఈ రోగ మున్నట్లు 1960 ప్రాంతమున హైదరాబాదు పోషకాహార పరిశోధనాలయమున సి. గోపాలన్ ప్రభృతులు చూపిరి గనుక, ఇది పరదేశపు ముచ్చట యని త్రోసిపుచ్చరాదు.

1915 లో విడుదల వాగ్దానముపై సమ్మతించిన ఖైదీలకు ఆ పేదతిండియే పెట్టగా పదునొకండుగురిలో ఆరుగురికి రోగము పుట్టెను. ఖైదీల నిట్లు వినియోగించుట నేటి ధర్మమున కంగీకారము కాదు. అయినను ఆయన తన దేహమునకు మినహాయింపు కోరలేదు. 1916 లో తానును, సహచరులును రోగుల రక్తమును ఎక్కించుకొనిరి, రోగుల మలమును సైతము మ్రింగిరి. భార్య మేరీయు రక్త మెక్కించుకొనెను. ఒక్కరికిని రోగము రాలేదు.

పిమ్మట అర్థశాస్త్రజ్ఞుడు ఎడ్గరు సైడెన్‌స్ట్రికరుతో కలసి దక్షిణ కెరొలైనాలోని ఏడు నూలుమిల్లుల గ్రామములలో ఇల్లిల్లు తిరిగి, ఏ యింట నేమి కొనిరో, ఆదాయ మెంతయో వ్రాసికొనెను. ఆదాయము తగ్గినకొలది రోగము హెచ్చినది. చుట్టుపట్ల పొలములనుండి పాలు, మాంసము, కూరలు అమ్మవచ్చు గ్రామమున రోగము లేదు; పత్తి తప్ప వేరొండు పండని చోట విస్తారముగ కలదు. అచ్చటి భూస్వాములు గుమ్మము వరకు పత్తియే వేయించుచుండిరి. కౌలుదారునకు ఆవు మేతకు నేల లేదు, పాదు పెట్టుకొన పెరడు లేదు.

ఈ మాట కర్ణకఠోరమయ్యెను. 1921 లో పత్తి ధర పడిపోయి, దక్షిణమున కరవును రోగమును ప్రబలునని అధ్యక్షుడు హార్డింగు ఆందోళన ప్రకటింపగా, దక్షిణ నాయకులు తమకు పరువునష్టమైనదని ఆగ్రహించిరి. ఆకలికన్న అపకీర్తియే వారిని బాధించినది.

1927 లో మిసిసిపీ వరదలు వచ్చినపుడు చౌకగా దొరకు ఈస్టును పంచి వేలమందికి ఉపశమనము కలిగించిరి. కాని అది తాత్కాలికోపాయమే యనియు, మూలము ఏకపంట సేద్యమునందును కౌలు పద్ధతియందును గలదనియు గోల్డుబర్గరు తన నివేదికలో స్పష్టపరచెను. 1929 జనవరి 17 న మూత్రపిండపు పుట్టకురుపుచే ఆయన మరణించెను. ఆ ఆహారమున లోపించిన పదార్థము నికోటినిక్ ఆమ్ల మని 1937 లో కాన్రాడ్ ఎల్వెహెము కనుగొనెను.