తల్లి చేతికందిన భృతి

తండ్రి సంపాదించాలి, ఆ సంపాదనతోనే భార్యాబిడ్డలు బ్రతకాలి, అందులో ప్రభుత్వం కలుగజేసుకోరాదు. ఇరవయ్యో శతాబ్ది ఆరంభంలో బ్రిటన్ దేశంలో బలంగా వేళ్లూనుకొన్న అభిప్రాయమిది. దీనిని ఎదిరించి, బిడ్డల పోషణభారంలో సమాజానికీ పాలు ఉన్నదని పాతికేళ్లకు పైగా వాదించిన ధీరవనిత ఎలినార్ రాత్‌బోన్.

ఎలినార్ 1872 మే 12న లండన్‌లో జన్మించారు. లివర్‌పూల్ నగరంలో వర్తకానికీ, సమాజసేవకూ పేరుపొందిన వంశం వారిది. తండ్రి విలియం రాత్‌బోన్ పార్లమెంటు సభ్యుడు. ఆమె ఆక్స్‌ఫర్డ్‌లోని సోమర్‌విల్ కళాశాలలో తత్త్వశాస్త్రం అభ్యసించారు. ఆనాడు ఆ విశ్వవిద్యాలయం స్త్రీలకు పట్టాలు ప్రదానం చేసేది కాదు. విద్యాభ్యాసం ముగించి లివర్‌పూల్ చేరిన ఎలినార్ పేదల స్థితిగతులను స్వయంగా పరిశీలించారు. ఓడరేవు కూలీలకు ఒకనాడు పని దొరికితే మరొకనాడు దొరకదు. భర్తలను కోల్పోయిన స్త్రీల అవస్థ మరింత దుర్భరం. ఈ దృశ్యాలు ఆమెను కలచివేశాయి. 1909లో ఆమె లివర్‌పూల్ నగరపాలక మండలికి ఎన్నికై, అందులో తొలి మహిళా సభ్యురాలిగా నిలిచారు.

1914లో మొదటి ప్రపంచయుద్ధం ప్రారంభమైంది. యుద్ధానికి వెళ్లిన సైనికుల భార్యలకు ప్రభుత్వం బిడ్డల సంఖ్యననుసరించి భృతి చెల్లించింది. లివర్‌పూల్‌లో ఆ కుటుంబాల సహాయకార్యక్రమాన్ని ఎలినార్ నిర్వహించారు. సొమ్ము నేరుగా తల్లి చేతికి చేరితే అది పిల్లల తిండికీ, బట్టకూ వినియోగపడుతుందని ఆమె గ్రహించారు. ఈ అనుభవమే 1924లో వెలువడిన ‘ది డిస్‌ఇన్‌హెరిటెడ్ ఫ్యామిలీ’ అనే గ్రంథానికి పునాది అయింది. ఒంటరివానికీ, ఐదుగురు బిడ్డల తండ్రికీ కూలి ఒక్కటే. కూలి తినే నోళ్లను లెక్కించదు. కనుక బిడ్డల నిమిత్తం ప్రత్యేకంగా భృతి ఇవ్వాలన్నది అందులోని ముఖ్యవాదం.

ఈ వాదానికి నలువైపులా ప్రతిఘటన ఎదురైంది. భృతిని సాకుగా చూపి యజమానులు వేతనాలు తగ్గిస్తారని కార్మిక సంఘాలలో పలువురు శంకించారు. తండ్రులు బాధ్యత విస్మరిస్తారని మరికొందరు ఆక్షేపించారు. ఖజానా ఇంత భారం మోయలేదని ఇంకొందరు వాదించారు. బిడ్డలు దేశసంపద అనీ, వారిని పెంచే తల్లి శ్రమకు గుర్తింపు లేకపోవడం అన్యాయమనీ ఎలినార్ సమాధానమిచ్చారు. 1929లో ఏ పార్టీకీ చెందని స్వతంత్ర సభ్యురాలిగా పార్లమెంటులో ప్రవేశించి, తుదివరకు ఆ స్థానంలో కొనసాగారు. ఆమె గ్రంథం చదివి ప్రభావితుడైన విలియం బెవరిడ్జ్ 1942 నాటి తన ప్రసిద్ధ నివేదికలో శిశుభృతికి చోటు కల్పించాడు.

1945లో ప్రభుత్వం బిల్లును ప్రవేశపెట్టింది. అయితే భృతి తండ్రికి చెందుతుందని అందులో ఉన్నది. జీవితాంతం కోరిన చట్టం చేతికందే వేళ, ఆ నిబంధన తొలగించకపోతే బిల్లునే వ్యతిరేకిస్తానని ఎలినార్ ప్రకటించారు. ప్రభుత్వం పట్టు సడలించి, నిర్ణయాన్ని సభ్యుల స్వేచ్ఛకు విడిచింది. సభ తల్లి పక్షాన నిలిచింది. 1945 జూన్‌లో బిల్లు చట్టమైంది. రెండవ బిడ్డ మొదలుకొని ఒక్కొక్కరికి వారానికి 5 షిల్లింగుల భృతి నిర్ణయమైంది. మొత్తం స్వల్పమే, మొదటి బిడ్డకు అదీ లేదు.

1946 జనవరి 2న ఎలినార్ కన్నుమూశారు. అదే సంవత్సరం ఆగస్టులో తొలి భృతి తల్లుల చేతికి అందింది. ఆ దృశ్యం చూసే భాగ్యం ఆమెకు దక్కలేదు. మొదటి బిడ్డకు కూడా వర్తించే శిశుభృతి 1977 నుండి అమలులోకి వచ్చింది. పేదకుటుంబానికి సాయం అందించడంతోపాటు, ఆ సాయం ఎవరి చేతికి చేరుతున్నదో గమనించడం కూడా పాలకుల ధర్మమని ఎలినార్ రాత్‌బోన్ జీవితం చాటిచెబుతున్నది.