తెడ్డు వదలని సేవకుడు

అరకు కొండల్లో మనకు పడవ పందాలు తెలియవు. అయితే పాపికొండల నడుమ లాంచీ ఎక్కినవారికి సరంగు ఎవరో బాగా తెలుసు. ఇంగ్లండ్ కాలేజీల పడవ పందెంలోనూ అలాంటివాడు ఒకడుంటాడు. అతన్ని కాక్స్ అంటారు. ఎనిమిది మంది బలమైన కుర్రాళ్లు గమ్యానికి వీపు పెట్టి తెడ్లు వేస్తారు. వారికి దారి కనబడదు. తెడ్డు లేని బక్కపలచటి కాక్స్ ఒక్కడే ముందుకు చూస్తూ, చుక్కాని తాళ్లు పట్టుకుని, కేకలు వేస్తూ నడిపిస్తాడు. యాకోబు తన పత్రికలో చుక్కానినే ఎందుకు ఎంచుకున్నాడో ఆ పడవను చూస్తే తెలుస్తుంది. కాక్స్‌కు ముఖాముఖిగా కూర్చునేవాడు స్ట్రోక్. అతని తెడ్డు లయనే మిగతా ఏడుగురూ అందుకోవాలి.

1882లో ఆక్స్‌ఫర్డ్‌తో థేమ్స్ నదిపై జరిగిన పందెంలో కేంబ్రిడ్జి పడవకు స్ట్రోక్ స్టాన్లీ స్మిత్. లండన్‌లో ఒక సర్జన్ కొడుకు, 1861లో పుట్టాడు. ఆ పందెంలో కేంబ్రిడ్జి ఓడింది. (అరకు పొరుగున ఉన్న కోరాపుట్ కొండలకు జర్మనీ నుంచి బ్రెక్లమ్ మిషనరీలు వచ్చిందీ ఆ ఏడాదే.)

మూడేళ్లు తిరక్కుండానే, 1885 ఫిబ్రవరి 5న, స్మిత్ మరో ఆరుగురితో చైనాకు ఓడ ఎక్కాడు. 'కేంబ్రిడ్జి సెవెన్' అని చరిత్రకెక్కినవారు వీరే. తర్వాతి కాలంలో మన ఊటీలో పాస్టరుగా పనిచేసిన క్రికెటర్ సి.టి. స్టడ్ వారిలో ఒకడు. బయల్దేరే ముందు విద్యార్థులను కదిలించిన ప్రసంగీకుల్లో స్మిత్ ముందువరుసలో ఉన్నాడు. చైనా భాషలోనూ త్వరలోనే అనర్గళంగా బోధించసాగాడు. షాంసీ రాష్ట్రంలో అతనితో కలిసి పనిచేసినవాడు డిక్సన్ హోస్ట్. యూనివర్సిటీ చదువు లేని సైనికాధికారి, మితభాషి. షీ అనే చైనా పాస్టరు పక్కన హోస్ట్ ఏళ్ల తరబడి, తాను ముందుకు రాకుండా సేవ చేశాడు.

ఇరవయ్యో శతాబ్దం ఆరంభంలో హడ్సన్ టేలర్ తర్వాత చైనా ఇన్‌లాండ్ మిషన్ చుక్కాని వచ్చింది ఈ హోస్ట్ చేతికే, స్మిత్ చేతికి కాదు. దాదాపు ఆ రోజుల్లోనే స్మిత్‌కు మిషన్‌తో చిక్కు వచ్చింది. నశించినవారికి నిత్యశిక్ష తప్పదన్న బోధతో అతని మనసు ఏకీభవించలేకపోయింది. మిషన్ తన సిద్ధాంతాన్ని సడలించలేదు. స్మిత్ బయటికి రావలసి వచ్చింది. సిద్ధాంతం విషయంలో మిషన్ పక్షమే సరైనదని మన సంఘాల్లో చాలామంది అంటారు, నేనూ అంతే. కానీ అతన్ని తప్పిపోయినవాడని కొట్టిపారేయడానికి మాత్రం మనసొప్పదు. ఎందుకంటే స్మిత్ ఇంగ్లండ్‌కు తిరిగి వెళ్లి స్థిరపడలేదు, వేరే కొలువూ వెతుక్కోలేదు. మిషన్ అండ లేకుండా అదే షాంసీలో, జెజౌ పట్టణంలో ఇంకో పాతికేళ్లకు పైగా సువార్త చెప్పాడు. చివరి రోజుల వరకూ బోధిస్తూనే, 1931 జనవరి 31న, డెబ్బయ్యో ఏట అక్కడే కన్నుమూశాడు.