బొగ్గుబాయి నుంచి లిస్బన్ దాంక

ఫుట్‌బాల్ అంటే మన పోరగాళ్లకు మెస్సీ, రొనాల్డోలే యాదికొస్తరు. గోల్ కొట్టినోని ఫొటోనే ఫోన్ల పెట్టుకుంటరు. నేను చెప్పేటాయన గోల్ కొట్టేటోడు కాదు, ఆపేటోడు. ఆపుట్ల గూడ ఆయన కన్న పేరున్నోళ్లు శానమంది ఉండె. పేరు జాక్ స్టీన్.

1922 అక్టోబర్ 5న స్కాట్లాండ్‌ల, గ్లాస్గో పట్నానికి కొంచెం అవతల బర్న్‌బ్యాంక్ అనే ఊర్ల పుట్టిండు. అది బొగ్గుబాయిల ఇలాఖ. నాయిన బాయిల పనిచేసేటోడు. ఈయన బడి ఇడిసినంక కొన్నొద్దులు తివాచీల ఫ్యాక్టరీల చేసిండు గని, ఆఖరుకు బాయిలకే దిగిండు. 1942ల ఆల్బియన్ రోవర్స్ అనే చిన్న టీంల చేరిండు. వారమంత భూమి కింద, శనివారం మైదానంల. ఆటకు పైసలొచ్చినా బాయి పని ఇడ్వలే, ఇడిస్తే ఇల్లు గడవది.

1950ల వేల్స్ దేశపు లనెల్లి టీం వారానికి 12 పౌన్లు ఇస్తమంటే పోయిండు. అప్పటికి 27 ఏండ్లు. గంత ఆలస్యంగ ఆటనే బతుకుదెరువు అయ్యింది. ఇంటోళ్లకు అక్కడ మనసున వట్టలే. మళ్ల బాయిలకే పోదామా అని చూస్తుంటే 1951 డిసెంబర్‌ల సెల్టిక్ క్లబ్బు నుంచి కబురొచ్చింది. ఆయన పేరు చెప్పింది రిజర్వ్ టీం ట్రైనర్ జిమ్మీ గ్రిబెన్. 1200 పౌన్లకు కొన్నరు. మెయిన్ టీంల ఆడిపిద్దామని కాదు, రిజర్వ్‌ల చిన్న పిలగాండ్లకు పెద్దదిక్కుగ ఉంటడని. అయితే మెయిన్ టీం డిఫెండర్లకు దెబ్బలు తగిలినయ్, ఈయనకు జాగ దొరికింది. తర్వాత కెప్టెనే అయ్యిండు. 1954ల లీగు, స్కాటిష్ కప్పు రెండూ గెల్సిన్రు. అంతకుముందు సెల్టిక్ అట్ల గెలిచి 40 ఏండ్లయింది.

1955ల రేంజర్స్ మీద ఆడంగ చీలమండ దెబ్బతిన్నది. మళ్ల నయం కాలే. 1957 జనవరిల ఆట బందువెట్టిండు. ఆ కుంటు బతికినన్నాళ్లు పోలే.

నాకైతే ఆయన కథల అసలు సంగతి ఇక్కడ్నే మొదలైతది. క్లబ్బోళ్లు రిజర్వ్ పోరగాళ్లను ఆయన చేతుల పెట్టిన్రు. ఆ కాలంల ట్రైనింగ్ అంటే మైదానం సుట్టు ఉరుకుడే, బంతి ముట్టుడు తక్వ. వారమంత బంతికి దూరముంచితే శనివారం దానికోసం ఆకలిగొంటరని ఓ పిచ్చి నమ్మకం. వారమంత నాగలి ముట్టనోడు శనివారం సాలు సక్కగ కొడ్తడా? స్టీన్ బంతిని ట్రైనింగ్‌లకు తెచ్చిండు. ఎవలు యాడ నిలవడాలె, బంతి లేనప్పుడు ఏం చెయ్యాలె, పోరగాళ్లకు కూసోబెట్టి చెప్పిండు. 1958ల రిజర్వ్ కప్పు ఫైనల్ రెండు మ్యాచులల్ల కలిపి రేంజర్స్‌ను 8-2తోని కొట్టిన్రు. ఆ పోరగాళ్లల్ల బిల్లీ మెక్‌నీల్ అనే పొడుగు పిలగాడొకడు. ఆ పేరు యాదివెట్టుకోండ్రి.

సెల్టిక్ ఐర్లాండ్ నుంచి వలసొచ్చిన క్యాథలిక్కుల క్లబ్బు. స్టీన్ ప్రొటెస్టెంట్. ఆటగాళ్లల్ల ప్రొటెస్టెంట్లు ఉండె గని, మేనేజర్ కుర్సీల అప్పటిదాంక ఒక్కడు గూడ కూసోలే. సెల్టిక్‌ల చేరినందుకు ఊర్ల దోస్తులు కొందరు మాట బందువెట్టిన్రు. అటు వాళ్లకు పరాయోడు, ఇటు వీళ్లకు పరాయోడు. మతం పేరు మీద ఊరు ఎట్ల చీలుతదో మనకు కొత్తగ చెప్పేదేమున్నది.

1960ల డన్‌ఫర్మ్‌లిన్ టీంకు మేనేజర్‌గ పోయిండు. కింది లీగుకు జారిపోయేటట్టున్న టీంను నిలవెట్టి, 1961ల స్కాటిష్ కప్పు ఫైనల్‌ల సెల్టిక్‌నే ఓడగొట్టిండు! నడుమ హిబర్నియన్‌ల కొన్నొద్దులు చేసినంక, 1965ల సెల్టిక్ మేనేజర్‌గ వాపసు పిల్సుకున్నది. అదే ఏడు కప్పు ఫైనల్‌ల డన్‌ఫర్మ్‌లిన్ మీద గెలుపు గోల్ తలతోని కొట్టింది ఎవలు? ఆ మెక్‌నీలే.

1967 మే 25, లిస్బన్. యూరోపియన్ కప్పు ఫైనల్. ఎదురుంగ ఇంటర్ మిలాన్. ఒక్క గోల్ కొట్టి తలుపులు మూస్కునుడు వాళ్ల ఆట. 7వ నిమిషంల పెనాల్టీతోని గోల్ కొట్టి మూస్కున్నరు గూడ. సెల్టిక్ ఆగలే. 63వ నిమిషంల టామీ గెమ్మెల్, 84ల స్టీవీ చామర్స్. 2-1. బ్రిటన్ నుంచి ఆ కప్పు గెల్సిన మొదటి టీం. అండ్ల ఆడిన 11 మంది సెల్టిక్ మైదానానికి 30 మైళ్ల లోపట పుట్టినోళ్లే. కప్పు ఎత్తిన కెప్టెన్ మెక్‌నీల్, పక్కన డిఫెన్స్‌ల జాన్ క్లార్క్, ఇద్దరు గూడ ఆ రిజర్వ్ పోరగాళ్లే.

1966 నుంచి 1974 దాంక వరుసగ 9 లీగులు గెల్సిన్రు. అన్నీ గెలుపులే కాదు. 1970ల మళ్ల యూరప్ ఫైనల్‌కు పోయి ఫెయనోర్డ్ చేతుల 2-1తో ఓడిన్రు. అవతలోళ్లను అలక జేసిన్రని నా లెక్క, అండ్ల స్టీన్ తప్పు గూడ ఉన్నది. 1975ల కారు ప్రమాదంల సావు దాంక పోయొచ్చిండు. 1978ల ఆయనను మేనేజర్‌గ దించి, క్లబ్బుకు పైసలు తెచ్చే లాటరీ పని సూస్కొమ్మన్నరు. గంత తెచ్చినాయనకు గదేం మర్యాద? ఆయన లీడ్స్‌కు పోయి 44 రోజులే ఉండి, స్కాట్లాండ్ దేశం టీం పట్టుకున్నడు.

1985 సెప్టెంబర్ 10, కార్డిఫ్‌ల వేల్స్‌తో మ్యాచ్. వరల్డ్ కప్ ఆశ ఉండాలంటే ఓడద్దు. 1-0తో వెనకవడ్డరు. ఆఖర్ల పెనాల్టీ దొరికింది, డేవీ కూపర్ గోల్ చేసిండు. ఇంక కొన్ని నిమిషాలే ఉన్నయనంగ స్టీన్ మైదానం పక్కన్నే కూలిండు. లోపల దవ రూంల పానం ఇడిసిండు. 62 ఏండ్లు. ఆయనకు సాయంగ ఉన్న అలెక్స్ ఫెర్గూసన్ టీంను మెక్సికో వరల్డ్ కప్‌కు తోల్కపోయిండు.