సర్ రాబర్టు వాట్సన్ వాట్

మనుష్యుడెక్కని చిన్న విమానములు ఈ దినములలో పొలముల మీదను, పట్టణముల మీదను ఎగురుచున్నవి. వీనిని డ్రోనులందురు. కంటికి కానరాని దూరమున నెగురు డ్రోను ఎచ్చట నున్నదో, ఎటు పోవుచున్నదో తెలిసికొనుటకు రాడారు ముఖ్యసాధనము. బ్రిటను దేశమున ఈ సాధనమును నెలకొల్పిన రాబర్టు వాట్సన్ వాట్ గారి చరిత్రము విద్యార్థులు తెలిసికొనదగినది.

ఈయన 1892 సం. ఏప్రిలు 13వ తేదీన స్కాట్లండులోని బ్రీకిన్ అను చిన్న పట్టణమున ఒక వడ్రంగి యింట జన్మించెను. డండీలోని యూనివర్సిటీ కాలేజీయందు ఇంజనీరింగు చదివి 1912లో పట్టము పొందెను. అచ్చటి ఆచార్యుడగు విలియం పెడ్డీ ఈయనకు రేడియో తరంగముల శాస్త్రమునందు అభిరుచి గలిగించెను.

1915లో ఈయన వాతావరణశాఖలో చేరెను. ఆ కాలపు విమానములకు ఉరుములు మెరుపులతో గూడిన గాలివాన గొప్ప అపాయము. మెరుపు మెరసినప్పుడు రేడియో తరంగములు పుట్టును. వానిని పట్టి గాలివాన ఏ దిక్కున నున్నదో ముందుగా తెలుపవలెనని ఈయన పూనుకొనెను. మెరుపు క్షణములో మాయమగును గనుక, దాని గుర్తును గాజు తెరపై చూపు కాథోడు కిరణ నాళమును ఉపయోగించెను. ఈ పరిశ్రమయే తరువాతి కార్యమునకు పునాది యయ్యెను.

1935 ఆరంభమున, శత్రు విమానచోదకులను దూరమునుండియే హతమార్చు కిరణము సాధ్యమా యని ప్రభుత్వమువారు ఈయన నడిగిరి. ఈయన తన సహాయకుడగు ఆర్నాల్డు విల్కిన్సునకు ఒక లెక్క నిచ్చెను. ఒక మనుష్యుని రక్తమంత నీటిని దూరమునుండి జ్వరపు వేడికి తెచ్చుటకు ఎంత రేడియో శక్తి కావలెను? అది అసాధ్యమని లెక్క తేల్చెను. అయితే విమానము పోవునప్పుడు రేడియో తరంగములు చెదరుచున్నవని తపాలాశాఖ ఇంజనీర్లు వ్రాసిన సంగతిని విల్కిన్సు జ్ఞప్తికి తెచ్చెను. చంపుట సాధ్యముకాకున్నను కనిపెట్టుట సాధ్యమని తేలినది.

ఫిబ్రవరి 26వ తేదీన డావెంట్రీ రేడియో కేంద్రపు సమీపమున పరీక్ష జరిగెను. హేఫర్డు అను విమానము ఆకాశమున తిరుగుచుండగా, దానికి తగిలి మరలిన తరంగములు తెరపై కానవచ్చెను. ఎనిమిది మైళ్ల దూరమువరకు దాని జాడ తెలిసెను.

రేడియో తరంగము సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోవును. పంపిన తరంగము సెకనులో వెయ్యవ వంతు కాలములో మరలివచ్చినచో, పోకకు సగము, రాకకు సగము గనుక విమానము 150 కిలోమీటర్ల దూరమున నున్నదని యెరుగవచ్చును.

మిక్కిలి శ్రేష్ఠమైన యంత్రము ఎన్నటికిని రాదు, దాని తరువాతిది ఆలస్యముగా వచ్చును, కావున మూడవదానితోనే పని నడుపవలెనని ఈయన మతము. అందుచేతనే 1939లో యుద్ధము వచ్చునాటికి ఆంగ్లదేశపు తీరమున రాడారు కేంద్రముల వరుస సిద్ధమై యుండెను. 1940లో జర్మను విమానములు సముద్రము దాటకముందే వాని రాక తెలియుటచేత, కొద్దిపాటి సైన్యము వానిని ఎదుర్కొనగలిగెను.

ఆ మొదటి కేంద్రములకు మిగుల తక్కువ ఎత్తున వచ్చు విమానములు కనబడలేదు. అందుకై వేరు కేంద్రములు కట్టవలసి వచ్చెను. నేటి డ్రోనులతోను ఇదియే చిక్కు. అవి చిన్నవి, మెల్లగా, నేలకు దగ్గరగా నెగురునవి. రాడారునకు పక్షివలె తోచును. అయితే గిరగిర తిరుగు రెక్కలనుండి మరలివచ్చు తరంగముల కంపనసంఖ్యలో సూక్ష్మమైన మార్పు గలుగును. పక్షి రెక్కల విదలింపు వేరు గనుక, ఈ భేదమునుబట్టి డ్రోనును గుర్తింతురు.

1942లో ఈయనకు సర్ బిరుదము లభించెను. యుద్ధానంతరము కెనడాలో మోటారుకారు వేగముగా నడిపి, పోలీసువారి రాడారుచేతనే పట్టుబడి జరిమానా చెల్లించెను! 1973 సం. డిసెంబరు 5వ తేదీన ఇన్వర్‌నెస్సులో మరణించెను. 2014లో బ్రీకిన్ పట్టణమున ఈయన విగ్రహము నెలకొల్పబడెను.

బాలబాలికలారా, అడిగిన కార్యము అసాధ్యమని తేలినప్పుడు ఈయన కాగితము మడిచి పెట్టలేదు. సాధ్యమైనదేదో వెదకి, దానిని వేళకు ముగించెను. ఆ వెదకుటలో విల్కిన్సు చేసిన పనియు మరువదగినది కాదు.