జర్నలిజం పాఠాలు లేని నాడు రాత నేర్పిన సురవరం ప్రతాపరెడ్డి గారు

ఈ మధ్య ఒక సాయంత్రం జపమాల ముగిసిన తరువాత మన చిట్యాల విచారణలో డిగ్రీ చదువుతున్న ఒక అబ్బాయి నా గదికి వచ్చాడు. జర్నలిజం కోర్సులో చేరాలని ఉందట. ఇంట్లోవాళ్ళు మాత్రం బి.ఎడ్. చేయమంటున్నారట. రాసినది ఏదైనా ఉంటే చూపించమన్నాను. మరునాడు రెండు పేజీలు తెచ్చాడు. మన ప్రాంతపు నీళ్ళ కష్టం మీద వ్యాసం. నీరు ప్రాణాధారమని మొదలుపెట్టి, నీటిని పొదుపుగా వాడుకుందామని ముగించాడు. మధ్యలో ఒక్క వీధి పేరు లేదు, ఒక్క బోరు లేదు, బిందె మోసే మనిషి ఒక్కరు లేరు.

నవ్వు వచ్చింది గానీ నవ్వలేదు. గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివి వచ్చిన కొత్తలో నా ప్రసంగాలూ అచ్చం ఇలాగే ఉండేవి. ఒక ముసలమ్మ పూజ తరువాత నా చేతులు పట్టుకుని, చాలా గొప్పగా చెప్పానని మెచ్చుకుని, ఏమి చెప్పానో మాత్రం తనకు తెలియలేదన్నది. అందుకే ఆ అబ్బాయికి సలహా ఇవ్వకుండా సురవరం ప్రతాపరెడ్డి గారి సంగతి చెప్పాను. అదే ఇక్కడ మీకూ చెబుతున్నాను.

ప్రతాపరెడ్డి గారు 1896 మే 28న పుట్టారు. ఇప్పటి జోగులాంబ గద్వాల జిల్లాలోని ఇటికాలపాడు వారి స్వగ్రామం. కర్నూలులో, హైదరాబాదులో, మద్రాసులో చదివి బి.ఎల్. పట్టా తీసుకున్నారు. తెలుగు, సంస్కృతం, ఉర్దూ, ఇంగ్లీషు నాలుగూ బాగా వచ్చు. కొంతకాలం వకీలు పని చేశారు. అందులోనే ఉండిపోతే సుఖంగా బతికేవారే.

ఆ రోజుల్లో నిజాం రాజ్యంలో తెలుగు పరిస్థితి మన పిల్లలకు తెలియదు. కచేరీలో ఉర్దూ, పెద్ద చదువులో ఉర్దూ. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పాఠాలన్నీ ఉర్దూలోనే. 1921 నవంబరులో హైదరాబాదులో జరిగిన ఒక సంఘ సంస్కార సభలో ఆలంపల్లి వెంకటరామారావు గారనే వకీలు తెలుగులో మాట్లాడబోతే సభలోనివారు గేలి చేసి మాట్లాడనివ్వలేదు. ఆ అవమానం నుండే ఆంధ్ర జనసంఘం పుట్టింది. మరుసటి ఏడు, 1922లో, మన నల్లగొండలో షబ్నవీసు వెంకటరామ నరసింహారావు గారు నీలగిరి పత్రిక తీశారు. అదే ఏడు ఇనుగుర్తి అనే పల్లెలో ఒద్దిరాజు సోదరులు తెనుగు పత్రిక తీశారు. (1923లోనే పదకొండవ భక్తినాథ పాపుగారు పునీత ఫ్రాన్సిస్ సలేసు వారిని కతోలిక రచయితలకు పాలకునిగా ప్రకటించారు. ప్రసంగం వినడానికి రాని వారి తలుపుల కింద నుండి కరపత్రాలు తోసిన పునీతులు వారు.) మన జిల్లాలో పత్రిక మొదలై వందేళ్ళు దాటిందని ఎంతమందికి గుర్తున్నదో!

ప్రతాపరెడ్డి గారు హైదరాబాదు రెడ్డి హాస్టలు బాధ్యత తీసుకున్నారు. పల్లెల నుండి చదువుకు వచ్చిన పిల్లలకు కొత్వాలు రాజా బహదూరు వెంకటరామారెడ్డి గారి పూనికతో 1918లో వెలసిన వసతి గృహం అది. పగలు కాలేజీలో ఉర్దూ, ఇంగ్లీషు చదివి వచ్చిన పిల్లలకు తమ భాషలో పుస్తకం, పత్రిక, చర్చ దొరికిన చోటు హాస్టలే. భువనగిరి దగ్గరి బొల్లేపల్లి నుండి వచ్చిన రావి నారాయణరెడ్డి గారు కూడా అక్కడ ఉండి చదివినవారే.

1926 మే 10న గోలకొండ పత్రిక మొదలైంది. మొదట వారానికి రెండుసార్లు వచ్చేది. సంపాదకులు ప్రతాపరెడ్డి గారే. రాయడం, వచ్చిన ఉత్తరాలు దిద్దడం, ప్రూఫులు చూడడం, చివరికి కాగితం చుట్టి చిరునామా రాసి పోస్టుకు పంపడం కూడా ఆయనే చేసేవారని చెబుతారు. జర్నలిజం ఆయనకు ఎవరూ నేర్పలేదు. కంపోజిటరు ముందు కూర్చుని నేర్చుకున్నారు. సంపాదకీయాలకు ముందుగా అనుమతి తీసుకోవాలని సర్కారు ఆంక్ష పెట్టినప్పుడు, ఆ స్థానంలో లోకంలోని పెద్దల సూక్తులు ఏరి అచ్చు వేశారు. అవి ఎవరికి తగలాలో చదివేవారికి తెలుసు. పట్టుకోవడానికి మాత్రం సర్కారుకు ఏమీ దొరకదు.

అన్నింటికంటె నాకు నచ్చిన పని మరొకటి. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేరని ఒక పండితుడు రాశారు. ప్రతాపరెడ్డి గారు కోపంతో వ్యాసం రాసి ఊరుకోవచ్చు. అలా చేయలేదు. కవిత్వం రాసేవారు ఎక్కడ ఉన్నా తమ పేరు, ఊరు, పద్యాలు పంపమని పత్రిక ద్వారా పల్లెలకు కబురు పెట్టారు. ఉత్తరాలు వచ్చాయి. 1934లో గోలకొండ కవుల సంచిక వెలువడింది. అందులో 354 మంది కవులు. వాదన ఒక్క వాక్యం లేకపోయినా ఆ జాబితాయే జవాబు. నేను చదివిన తర్కశాస్త్రంలో ఇంతటి గట్టి నిరూపణ తక్కువ చూశాను. పైగా, అచ్చులో తన పేరు ఎన్నడూ చూడని పల్లెటూరి మనిషికి తన రాత కూడా రాతేనని దానివల్ల తెలిసింది. అంతకంటె పెద్ద పాఠం ఏ తరగతి గదిలో చెబుతారు?

1949లో వచ్చిన ఆంధ్రుల సాంఘిక చరిత్ర కూడా ఆ పద్ధతిలోదే. రాజుల యుద్ధాలు పక్కన పెట్టి, మనవాళ్ళు ఏమి తిన్నారు, ఏమి కట్టుకున్నారు, ఏ ఆటలు ఆడారు అని పాత కావ్యాలలో వెదికారు. పాత కావ్యాన్ని విలేకరి కళ్ళతో చదివారన్నమాట. 1952 ఎన్నికలలో వనపర్తి నుండి శాసనసభకు గెలిచారు. 1953 ఆగస్టు 25న కన్నుమూశారు. ఆ పుస్తకానికి 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. తెలుగుకు అదే మొదటిది. అందుకోవడానికి ఆయన లేరు.

ఆయన పోయిన మరుసటి ఏడు, 1954లో, ఉస్మానియాలో జర్నలిజం విభాగం తెరిచారు. 1985లో ఏర్పడిన తెలుగు విశ్వవిద్యాలయంలోనూ జర్నలిజం చెబుతున్నారు. 2025లో తెలంగాణ ప్రభుత్వం ఆ విశ్వవిద్యాలయానికి సురవరం ప్రతాపరెడ్డి గారి పేరే పెట్టింది.

మా అబ్బాయి ఇదంతా విని, తన రెండు పేజీలు అడిగి తీసుకుని వెళ్ళిపోయాడు. నొచ్చుకున్నాడేమోనని నాకు రెండు రోజులు మనసులో మనసు లేదు. ఆదివారం పూజ తరువాత మళ్ళీ వచ్చాడు. ఈసారి ఒకటే పేజీ. ఏ వీధిలో కుళాయి ఎన్ని రోజులకొకసారి వస్తుందో, తెల్లవారుజామున ఎవరెవరు బిందెలతో వరుసలో నిలబడతారో అందులో ఉంది. అక్షరదోషాలు పదకొండు. ఇద్దరం కూర్చుని ఎర్ర సిరాతో దిద్దాము. వాళ్ళ నాన్నగారితో మాట్లాడమని అడిగాడు. వచ్చే వారం వాళ్ళింటికి వెళ్తున్నాను.