మాటకు మన్నన – గిడుగు రామమూర్తి పంతులుగారు

మానవుడు తల్లి ఒడిలో సంపాదించుకొనే తొలి ఆస్తి మాట. ఆ ఆస్తిని పరిహసించడం సులభం, గౌరవించడం కష్టం. తెలుగునాట ఆ కష్టమైన కార్యానికి జీవితాన్ని ధారవోసిన మహనీయుడు గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు. ఆయన జన్మదినమైన ఆగస్టు 29ని మనము తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నాము. వ్యావహారిక భాషోద్యమ నాయకునిగా ఆయనను ఎరుగనివారు లేరు. కాని ఇతరుల మాట వినడానికి వెళ్ళి ఆయన తన వినికిడినే కోల్పోయిన సంగతి మన విద్యార్థులలో చాలామందికి తెలియదు.

ఈ చరిత్రను చెప్పాలని మాకు తోచడానికి ఒక కారణమున్నది. నూజివీడు మామిడి సీమలోని ఆగిరిపల్లి నుండి ఒక విద్యార్థి మా తరగతికి వచ్చేవాడు. అతని తండ్రి తోటలు గుత్తకు పట్టి రసాలు అమ్మేవాడు. ఇంట్లో ఉర్దూ, తోటలో తెలుగు. పద్యం చదవమంటే మొదటి అక్షరం వద్దనే ఆగిపోయేవాడు. ఇంటి భాష తెలుగు కానందువల్ల కాబోలునని భావించి మేము అతని పలుకు ప్రతిదీ సరిదిద్దసాగాము. కొన్నాళ్ళకు అతడు నోరు విప్పడమే మానివేశాడు. ఉర్దూలోనూ అతడు అట్లే ఆగుతాడని, అది నత్తి అని మాకు తెలిసేసరికి సంవత్సరం గడిచిపోయింది. మేము విన్నది అతని మాటను కాదు, మా అభిప్రాయాన్నే. ఆనాటి నుండి పంతులుగారి జీవితం మాకు వేరొక రీతిగా గోచరిస్తున్నది.

పంతులుగారు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగానికి సమీపాన వంశధార తీరంలోని పర్వతాలపేటలో జన్మించారు. తల్లిదండ్రులు వెంకమ్మ, వీర్రాజు గారలు. పన్నెండేండ్ల ప్రాయంలో తండ్రిని పోగొట్టుకొని, విజయనగరంలో బంధువుల ఇంట ఉండి చదువుకొన్నారు. గురజాడ అప్పారావుగారు అక్కడ ఆయనకు సహాధ్యాయి. 1879లో మెట్రిక్యులేషను ముగించి, మరుసటి ఏడు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా చేరారు. బడిపని చూసుకొంటూనే ప్రైవేటుగా చదివి పట్టభద్రులైనారు.

పర్లాకిమిడి చుట్టుపట్ల కొండలలో సవరలు నివసిస్తారు. వారి భాష తెలుగుకు చుట్టము కాదు, అది ముండా భాషా కుటుంబానికి చెందినది. అప్పట్లో దానికి లిపి లేదు, పుస్తకం లేదు. మైదానపు జనులకు అది భాషగానే తోచలేదు. పంతులుగారు రెండు భాషలూ తెలిసిన వానిని ఇంట ఉంచుకొని, ఏండ్ల తరబడి శ్రమించి ఆ భాషను నేర్చారు. సవరలకు వారి భాషలోనే చదువు చెప్పాలని సొంత ధనంతో బడులు పెట్టించి, అధ్యాపకులకు జీతాలిచ్చారు.

ఆ కొండలలో మలేరియా విస్తారం. జ్వరాలకు క్వినైను తప్ప వేరు మందు లేని కాలమది. ఆ మందు మితిమీరితే చెవిలో హోరు పుట్టి వినికిడి దెబ్బతింటుంది. పంతులుగారికి ప్రాప్తించినది అదే. ధ్వనుల తేడాలను పట్టుకోవడమే పనిగా పెట్టుకొన్న పండితునికి చెవుడు కంటె క్రూరమైన శిక్ష ఏమున్నది! అయినా ఆయన పని విడువలేదు. ముప్పదియేండ్లకు పైబడిన ఆ కృషికి ఫలితంగా ఆంగ్లంలో రచించిన సవర వ్యాకరణాన్ని 1931లోను, సవర-ఆంగ్ల నిఘంటువును 1938లోను మద్రాసు ప్రభుత్వం ప్రచురించింది.

కొండవాని మాటను అంతగా మన్నించినవారు తమ ఇంటి తెలుగును తక్కువగా చూడగలరా? పిల్లలు మాట్లాడే భాష ఒకటి, పుస్తకాలలో వ్రాయవలసిన భాష మరొకటి కావడం వల్ల చదువు కంఠపాఠంగా మారుతున్నదని ఆయన గ్రహించారు. 1911లో ఉద్యోగ విరమణ చేసిన పిదప పూర్తిగా ఉద్యమానికే అంకితమైనారు. 1919లో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం వెలసింది. ఆ యేడే ఆయన తెలుగు అనే మాసపత్రికను వెలువరించారు. 1925లో తణుకులో జరిగిన సాహిత్య పరిషత్తు సభలో గంటల తరబడి తన వాదాన్ని వినిపించారు. నేడు మేమీ వ్యాసాన్ని ఈ భాషలో వ్రాయగలుగుతున్నామంటే అది ఆయన చలువయే. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరగా, వృద్ధాప్యంలో ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరం చేరారు. 1940 జనవరి 22న మద్రాసులో పరమపదించారు.

మాటలో తేడా వేరు, మాటలో లోపం వేరు. పంతులుగారు జీవితాంతం చాటినది మొదటి దానిని గూర్చి: తేడా తప్పు కాదు. ఈ రెంటినీ వేరుచేసి చూపడం నేడు ఒక శాస్త్రమైనది, ఒక వృత్తియైనది. అమెరికాలో వాక్చికిత్సకులు తణుకు సభ జరిగిన 1925లోనే జాతీయ సంఘంగా ఏర్పడ్డారు. ఏ మాండలికమూ వాగ్దోషం కాదని ఆ సంఘం 1983లో విధానంగా ప్రకటించింది. మన దేశంలో 1965లో మైసూరులో అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ, 1967లో ఈ రంగపు నిపుణుల జాతీయ సంఘమైన ఇండియన్ స్పీచ్ అండ్ హియరింగ్ అసోసియేషన్ ఏర్పడినవి. నిపుణులను ఏటేటా మహాసభలో సమావేశపరచడం, శాస్త్రపత్రిక నడపడం ఆ సంఘం చేసే పనులు. హైదరాబాదువాసి, ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులుగా పనిచేసిన నవాబ్ అలీ యావర్ జంగ్ పేర 1983లో బొంబాయిలో నెలకొన్న జాతీయ సంస్థకు సికింద్రాబాదులో ప్రాంతీయ కేంద్రమున్నది. 1992 నాటి చట్టం ఈ వృత్తిలోని వారికి పునరావాస మండలి వద్ద నమోదును విధించింది.

ఇన్ని ఉండి కూడా మా తరగతిలోని నత్తిని మేము పోల్చుకోలేకపోయాము. రెండు భాషల నడుమ పెరిగే పిల్లల విషయంలో ఈ పొరపాటు రెండు విధాల జరుగుతుంది. ఒకడి యాసను లోపమని ఎగతాళి చేస్తాము. మరొకడి లోపాన్ని యాస అని వదిలివేస్తాము. ఇద్దరికీ అన్యాయమే. అందుచేత ఎవరినైనా సరిదిద్దే ముందు, ఇంటి భాషలో నాలుగు మాటలు చెప్పమని అడిగి వినడం మేము అలవాటు చేసుకొన్నాము. అక్కడ ధారాళంగా సాగితే అది నేర్చుకోవలసిన పాఠం. అక్కడా తడబడితే అది నిపుణునికి చూపవలసిన విషయం.

కళాశాల సంఘం వారికి మా మనవి ఒక్కటే. కొత్తగా చేరే విద్యార్థుల మాటను, వినికిడిని అర్హత గల నిపుణునిచే ఏటా ఒకసారి పరీక్ష చేయించే ఏర్పాటు చేయవలసినది. విద్యార్థులకు మా మనవి మరొకటి. తోటివాడు మాట వద్ద ఆగినప్పుడు నవ్వకండి, ఆ మాటను మీరు పూరించకండి, వేచి ఉండండి. వినికిడి పోయిన తరువాత కూడా పరుల మాటకు విలువ కట్టిన మహనీయుని భాషలో చదువుకొంటున్న మనము, వినికిడి ఉండి వినకపోవడం తగదు.