మచ్చని చిన్నది చేసిన డాక్టరు

ఆడపిల్లకి అపెండిసైటిస్ ఆపరేషన్ అనగానే కన్నతల్లికి రెండు బెంగలు. ఒకటి పిల్ల పడే బాధ, రెండోది పొట్ట మీద పడే మచ్చ. ఒకప్పుడు కుడివైపు పొత్తికడుపు మీద అయిదారు సెంటీమీటర్ల గాటు తప్పేది కాదు. ఇప్పుడు చాలామందికి వేలిగోరంత మచ్చలతో సరిపోతోందంటే, దాని వెనక ఒక జర్మన్ డాక్టరు పడిన అవమానాలెన్నో ఉన్నాయి. ఆయన పేరు కుర్ట్ జెమ్.

జెమ్ 1927లో మ్యూనిక్‌లో పుట్టారు. వైద్యం చదవకముందు పనిముట్లు తయారుచేయడం నేర్చుకున్నారు. గైనకాలజిస్టు అయ్యాక ఆ చేతిపనే అక్కరకొచ్చింది. బొడ్డు దగ్గర చిన్న రంధ్రం చేసి, పొట్టని గ్యాస్‌తో ఉబ్బించి, గొట్టంలోంచి లోపలికి చూడడం అప్పటికే ఉంది. గ్యాస్ ఎక్కువైతే మాత్రం ప్రాణం మీదికొచ్చేది. ఎంత ఒత్తిడితో ఎక్కుతోందో తనే చూసుకునే యంత్రాన్ని జెమ్ తయారుచేశారు. లోపలే ముడి వేయడానికి దారపు ఉచ్చులూ రూపొందించారు.

1970లో ఆయన కీల్ యూనివర్సిటీ స్త్రీల ఆసుపత్రికి అధిపతి అయ్యారు. పొట్ట కోయకుండా ఆపరేషన్లేమిటని తోటి డాక్టర్లే ఆయన్ని మెదడు పరీక్ష చేయించుకోమన్నారు! 1980 సెప్టెంబరులో ఆ చిన్న రంధ్రాల్లోంచే అపెండిక్స్ తీసేశారు. ఇక సర్జన్లు భగ్గుమన్నారు. ఆడవాళ్ల డాక్టరుకి అపెండిక్స్‌తో పనేమిటన్నారు. ఒక సభలో ఆయన బొమ్మలు చూపిస్తుంటే ప్రొజెక్టర్ ప్లగ్గు పీకేశారు. ఆయన వైద్యం చేయకుండా ఆపాలంటూ సర్జన్ల సంఘం పెద్ద ఉత్తరం కూడా రాశారు. జెమ్ మాత్రం పని మానలేదు. 1983లో తన పద్ధతిని పత్రికలో ప్రచురించారు. కొత్తవాళ్లు చేయి తిప్పడం నేర్చుకోవడానికి ఒక పెట్టె తయారుచేసి ఇచ్చారు. 1985లో ఎరిక్ మ్యూహె అనే జర్మన్ సర్జన్ ఇదే దారిలో పిత్తాశయం తీశాక, సర్జన్లూ మెల్లగా ఇటు తిరిగారు. జెమ్ 1995లో రిటైరయ్యారు, 2003లో కన్నుమూశారు.

ఈ పద్ధతిలో మామూలుగా మూడు రంధ్రాలు పెడతారు. కెమెరా వెళ్లేది బొడ్డు మడతలోంచి కాబట్టి ఆ మచ్చ అందులోనే కలిసిపోతుంది. మిగతావి వీలైనంత కిందుగా, చీర కట్టు దిగువకి వచ్చేలా పెట్టవచ్చేమో ముందే డాక్టరుని అడగండి. ఆడవాళ్లకి ఇంకో లాభం కూడా ఉంది. కుడివైపు నొప్పి అపెండిక్స్‌దా, అండాశయందా అన్నది కెమెరాలో కళ్లారా చూడొచ్చు.

అయితే అపెండిక్స్ పగిలి చీము పట్టినప్పుడు, ఒక్కోసారి పెద్ద గాటే పెట్టాల్సి రావచ్చు. అది డాక్టరు తప్పు కాదు. మచ్చకి భయపడి కడుపునొప్పిని దాచుకుంటేనే అలాంటి పరిస్థితి తొందరగా వస్తుంది. నొప్పి కుడివైపుకి దిగి, జ్వరం, వాంతులు తోడైతే, మచ్చ సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు ఆసుపత్రికి బయల్దేరండి.